సంఘం అంటే ఏ సంఘం

మొన్న మా మనవరాలు డిగ్రీ పరీక్షకు చదువుకుంటూ, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే నన్నొక ప్రశ్న అడిగింది. మతాన్ని సాంఘిక వ్యవస్థగా అర్థం చేసుకోవచ్చా, పది మార్కులకు రాయాలట. నాకు నవ్వొచ్చింది. ఇదే ప్రశ్న మా మామను ఇద్దరు అధికారులు అడిగారు. ఒకరు నిజాం సర్కారు తరఫున, ఇంకొకరు నిజాం దిగిపోయాక వచ్చిన సర్కారు తరఫున. ఆ రోజుల్లో జవాబు తప్పితే మార్కులు పోయేవి కావు, మనిషే పోయేవాడు.

నేను జనగామలో మిషన్ హాస్టల్లో ఏడో తరగతి దాకా చదివి, దంతాలపల్లి దిక్కు ఒక చిన్న ఊరికి కోడలుగా వచ్చాను. ఆ ఊళ్లో ఏడో తరగతి అంటే ఇప్పటి కలెక్టరు చదువు. పెళ్లయిన నాలుగు నెలలకే నా పెనిమిటి ఘనపూర్ అడవుల్లో కట్టె కొట్టే పనికి పోయాడు, పండుగలకు తప్ప వచ్చేవాడు కాదు. ఇంట్లో నేను, మా అత్త, మా మామ. మా వాడలో ఇరవై ఇళ్లుంటే ఇరవై ఇళ్లూ సంఘంలో ఉన్నవే. మా తిప్పలన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

మా వాళ్లకు సంఘం అంటే ఆదివారం పూట ప్రార్థనకు కూడే జనం. చర్చి అనే మాట మా వాడలో ఎవరి నోటా వినపడేది కాదు. అయ్యగారు, అంటే పాదిరి, రెండు నెలలకోసారి సైకిలు మీద వచ్చేవాడు. వానాకాలం వస్తే అదీ లేదు. మిగతా దినాలన్నీ మా మామవే. ఆయన సంఘపెద్ద. పెళ్లి మాటలు, చావు పనులు, మొగుడూ పెళ్లాల కొట్లాటలు, ఒకరి మేక ఇంకొకరి చేలో పడ్డ పంచాయతీలు అన్నీ ఆయన తీర్చాల్సిందే. తప్పు చేసినవాణ్ణి మూడు ఆదివారాలు వెనకచాప మీద కూర్చోబెట్టేవాడు. వెనకచాప అంటే మా వాళ్లకు నరకం కన్నా భయం. నరకాన్ని ఎవరూ చూడలేదు, వెనకచాప మీద కూర్చుంటే మాత్రం ఇరవై ఇళ్లూ చూస్తాయి.

ఊళ్లో మిగిలిన వాళ్లకు సంఘం అంటే వేరే. దొరల మీద, వెట్టి మీద లేచిన సంఘం. ఆ మాటను గట్టిగా పలికితే వీపు చిట్లేది. రజాకార్లు తిరుగుతున్న కాలం అది.

ఆ సంఘం మనిషి ఒకాయన, ఇరవై అయిదేళ్లుంటాయేమో, ఒక మధ్యాహ్నం మా ఊరి కల్లంలో మీటింగు పెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, కాదనను. చివరికి సంఘంలో చేరేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఊరంతా ఎత్తింది. మా వాడ వాళ్లు మాత్రం కదలకుండా కూర్చున్నారు. ఆయన ముఖం చిన్నబోయింది. మీకేం భయమని అడిగాడు. మా మామ లేచి తువాల భుజం మీద సర్దుకున్నాడు.

"భయమేంది అన్నా, మేం శాన ఏండ్ల కిందనే చేరినం. మా నాయిన కాలంలనే."

ఆయన నోరు తెరిచాడు. ఎవరు చేర్పించారంటే తెల్లదొర అన్నాడు మా మామ. అక్కడ జర తడబడ్డాడు గానీ ఆశ చావక ఇంకా అడిగాడు. వారం వారం కూడుతారా అంటే కూడుతాం. చందా ఇస్తారా అంటే ప్రతి ఆడమనిషీ వంటకు బియ్యం పోసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెడుతుంది, అది లేనివాళ్లకు పోతుంది. పాటలొచ్చా అంటే నిద్రలో లేపినా పాడుతాం. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత క్రమశిక్షణ ఏ ఊళ్లోనూ చూడలేదని, అందరూ మా వాడను చూసి నేర్చుకోవాలని చెప్పి మా ఇంటికి అన్నానికొచ్చాడు. మా అత్త ఆ పిడికెడు బియ్యమే వండిపెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మా మామ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అది ముగిసేదాకా ఆ ముద్ద ఆయన చేతిలోనే ఉంది. అప్పుడర్థమైంది ఆయనకు. కోపం చేయలేదు. పొలమారేదాకా నవ్వాడు.

"పేరు ఒక్కటే గద పెద్దాయినా. పని గూడ ఒక్కటే చేద్దాం," అన్నాడు.

మా మామ మరో గరిటె పప్పు వెయ్యమని నాకు సైగ చేశాడు.

ఆ ఊరి వాడ వాడంతా సంఘమే అనే మాట గాలిలా పోయింది. పది దినాల్లో అమీను వచ్చాడు, అంటే నిజాం పోలీసు అధికారి. నువ్వు సంఘంలో ఉన్నావా అని అడిగితే మా మామ ఉన్నానన్నాడు. పెద్దవా అంటే పెద్దనే అన్నాడు. ఇంటిపేరు చెప్పినంత సులువుగా చెప్పాడు. పక్కనున్న మాలీపటేలు, ఊరి శిస్తు వసూలు చేసేవాడు, తల పట్టుకున్నాడు. ఆ మాట ఒప్పించడానికి మనుషులను చెట్లకు కట్టేసి కొడుతున్న రోజులవి, ఈయనేమో అడగ్గానే చెప్పేస్తున్నాడు. అమీనుకే అనుమానం వచ్చి, వీడికి పిచ్చేమోనని వాకబు చేశాడు. పిచ్చి లేదు, సంఘపెద్ద అని మా వాళ్లు గర్వంగా సాక్ష్యం చెప్పారు.

పట్టుకుపోయారు. మర్నాడు సద్ది కట్టుకుని నేనూ మా అత్తా ఠాణాకు పోయాం. కిటికీ కింద నిలబడితే లోపలి మాటలు వినపడుతున్నాయి. భూమి ఎవరిది అని అమీను అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు ప్రాణం నిలిపే జవాబు దొరదని, ప్రాణం తీసే జవాబు దున్నేవాడిదని అందరికీ తెలుసు, ఒక్క మా మామకు తప్ప.

"దేవునిది, అమీన్ సాబ్," అన్నాడు.

అమీను అయిదు పూటలా నమాజు చేసే మనిషట. కాదంటే ఆయన మతం పోతుంది, అవునంటే దొర భూమి పోతుంది. సరే, వారం వారం కూడి ఏం చేస్తారని మాట మార్చాడు. మోకాళ్ల మీద కూర్చుని దువా చేస్తామని మా మామ చెప్పాడు. ఆయనకు తెలిసిన నాలుగు ఉర్దూ మాటల్లో అదొకటి. దువా అనగానే అమీను గొంతు మెత్తబడింది. అరే, సంఘం సంఘం అంటావేంది, దువాకు కూడే జనాన్ని జమాత్ అనరాదా అని తిట్టి, కాగితం తెప్పించి రాయించాడు. ఈ మనిషి ఒక జమాత్‌కు పెద్ద, భక్తిపరుడు, వీడితో ఏ అపాయమూ లేదు అని. కింద ముద్ర పడింది. సంఘం అన్నందుకు పట్టుకుపోయి జమాత్ అన్నందుకు వదిలేశారు. మా మామ మటుకు ఎట్లా పోయాడో అట్లాగే వచ్చాడు. ఆ కాగితాన్ని తన ప్రార్థన పుస్తకంలో, తాటాకు గుర్తు పక్కన, భద్రంగా పెట్టుకున్నాడు.

పెట్టుకోకపోతే ఎంత బాగుండేదో.

ఏడాది తిరగకముందే కాలం తలకిందులైంది. యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు మాయమయ్యారు. మిలిటరీ రజాకార్ల కోసం వెతికింది, వాళ్లు అయిపోయాక సంఘం వాళ్ల కోసం వెతికింది. కొన్ని ఊళ్లలో ఇద్దరి కోసమూ ఒకే దినం వెతికేది. మా ఊరికి మూడు మైళ్ల దూరంలో, దొర విడిచిపోయిన కోటలాంటి గడిలో క్యాంపు పెట్టారు. మా ఇల్లు సోదా చేసినప్పుడు ఆ కాగితం దొరికింది. ఉర్దూ చదవడమొచ్చిన జవాను ఒకడు గట్టిగా చదివాడు: జమాత్ పెద్ద, భక్తిపరుడు, కింద నిజాం అమీను ముద్ర. ఇక చెప్పాలా, రజాకార్ల మనిషే అనుకుని చేతులు వెనక్కి కట్టారు. దారిలో, నువ్వు రజాకార్ల మనిషివా అని అడిగితే మా మామ ఛీ ఛీ, కాదన్నాడట. మరి ఏం మనిషివంటే, సంఘం మనిషినన్నాడట.

క్యాంపులో ఆయన నేరం ఏమిటో రాయడానికే వాళ్లకు రెండు దినాలు పట్టింది. ఒకడే మనిషి ఇద్దరు శత్రువులకూ పెద్ద ఎట్లా అవుతాడో వాళ్లకు పాలుపోలేదు. పై అధికారి ఎక్కడో దక్షిణం నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు, ఉర్దూ రాదు. పక్కన కోస్తా నుంచి తెచ్చుకున్న దుబాసీ ఉన్నాడు. మేము నోరు తెరిస్తే చాలు, ఆయనకు నవ్వు. మా అత్త ఏడుస్తూ, "శాన పరేషాన్‌ల ఉన్నం సారూ," అంది. దుబాసీ రాసుకుని, పరేషాన్ ఏ తాలూకాలో ఉందండీ అని అడిగాడు. అధికారి గోడ మీది పటం దగ్గరికి పోయి దీపం పట్టుకుని వెతికాడు. మానుకోట దాకా వెతికాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. నవ్వితే ఏమవుతుందోనని ఏడ్చాను.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. నిజం తెలుసుకోవాలనే పట్టుదల ఉంది, మా ప్రాణానికి వచ్చింది ఆ పట్టుదలే. అయిదుగురు సాక్షులను పిలిపించి, ఈ సంఘం ఏం చేస్తుందో చెప్పమన్నాడు. మా వాళ్లు స్నానాలు చేసి, తలకు నూనె పెట్టుకుని వచ్చారు. ఒకాయన పెళ్లాన్ని కొడితే వెనకచాప మీద కూర్చోబెట్టారని చెప్పాడు. ఎవరిని అంటే నన్నే సార్ అన్నాడు. ఇంకొకామె మొగుడు పోయినప్పటి నుంచి తన పొయ్యి సంఘం బియ్యంతోనే వెలుగుతోందని చెప్పింది. పిల్లకు సంబంధం కుదిర్చిందని ఒకరు, దొర వెట్టికి పిలిస్తే పది మంది తోడుగా పోయి నిలబడ్డారని ఒకరు. చివరి మనిషి, సంఘంలో చేరాక తాగుడు మానేశానని చెప్పి, వెనక్కి తిరిగి మా ముఖాలు చూసి, తగ్గించానని సవరించుకున్నాడు.

అధికారి అంతా విని ఏదో అడిగాడు. దుబాసీ దాన్ని మాకు చెప్పాడు.

"అంతా బాగానే ఉందండీ. ఇందులో దేవుడెక్కడ?"

ఆ ప్రశ్న మా వాడలో ఇంతవరకూ ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆ తాగుడు తగ్గించినాయనే చివరికి, "ఉంటడు సార్, ఆదివారం," అన్నాడు.

అధికారి కలం మూసేశాడు. దేవుడు లేడు, పంచాయతీ ఉంది, చందా ఉంది, దొరకు ఎదురు నిలబడడం ఉంది. అయితే ఇది ఆ సంఘమే. గురువారం మా మామను వరంగల్లు జైలుకు పంపుతామన్నారు. ఆ దారిన పోయినవాళ్లు కొందరు జైలు దాకా పోలేదని, నడుమ అడవిలోనే కాల్చేశారని అందరికీ తెలుసు. మా అత్త అక్కడే కూలబడింది. నాకు మా వాళ్ల మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్లు మోకాళ్లు అరిగేలా ప్రార్థన చేసి, అడిగిన రోజున ఒక్కరికీ దేవుడి పేరు నోట రాకపోవడమేమిటి? ఆ మాట నేనైనా అనొచ్చు కదా. కోడలు మనిషి మగవాళ్ల ముందు మాట్లాడకూడదని ఊరుకున్నాను. అది ఒక సాకు మాత్రమే. నేనూ వాళ్లతోపాటు ఆ బియ్యం గురించీ వెనకచాప గురించీ ఆలోచిస్తూ ఉండిపోయాను.

బుధవారం పొద్దున మా వాడలో ఒక ముసలవ్వ చనిపోయింది. మా మామకు పెద్దమ్మ కూతురు, అక్క అవుతుంది. తన కొడుకు పెళ్లికి మా మామ డప్పు వద్దన్నాడని అలిగి, ఆరేళ్లుగా ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కనున్న గోడతో మాట్లాడేది. అయినా పోయే ముందు కొడుకుకు ఒక మాట చెప్పిపోయింది: నేను వానితోని మాట్లాడ, కని నా మీద మొదటి మన్ను వాడే ఎయ్యాలె.

మా సంఘంలో ఆనవాయితీ అదే. సంఘపెద్ద మొదటి పిడికెడు మన్ను వేస్తేనే మట్టి చేసినట్టు. లేకపోతే అది గుంత పూడ్చినట్టే. పెద్ద క్యాంపులో ఉన్నాడు. అయ్యగారికి కబురు పంపితే జనగామ నుంచి వచ్చేసరికి శవం ఆగదు. మా వాడ వాళ్లు గంటసేపు తర్జనభర్జన పడ్డారు. పెద్ద రాలేకపోతే మనమే పోదామని ఎవరన్నారో నాకు గుర్తులేదు. నులకమంచం మీద ముసలవ్వను పడుకోబెట్టి, తెల్లబట్ట కప్పి, ఇరవై ఇళ్ల జనం పాడుకుంటూ మిట్టమధ్యాహ్నం క్యాంపు మీదికి బయలుదేరాం.

గడి బురుజు మీది జవాన్లకు ఎట్లా కనిపించి ఉంటుంది? పాటలు పాడుతూ ఒక ఊరు వస్తోంది, నడుమ ఏదో పొడుగ్గా కప్పి మోసుకొస్తోంది. తుపాకులు ఎక్కుపెట్టారు. మంచం దించమన్నారు. దుబాసీ దూరం నుంచే, అందులో ఏముందండీ అని అరిచాడు. శవం అంటే నమ్మలేదు. ఇద్దరు జవాన్లు వచ్చి బట్ట తీసి సోదా చేశారు. ముసలవ్వ నడుం దగ్గర ఏదో గట్టిగా తగిలింది. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. జాగ్రత్తగా బయటికి తీసి చూస్తే గుడ్డసంచిలో అయిదు చుట్టలు, అగ్గిపెట్టె. పొగాకు మా సంఘంలో నిషేధం. అప్పుడే మా మామను బయటికి తీసుకొచ్చారు. చేతులు కట్టేసి ఉన్నాయి, మీసం మీద ఎండిన నెత్తురుంది, మర్నాడు ఏమవుతుందో తెలియదు. అయినా ఆ చుట్టలు చూసి ఆయన ముఖం మాడిపోయింది.

ఈమె నీకేమవుతుందని అధికారి అడిగించాడు. అక్క అని చెప్పి, ఆరేళ్లుగా మాటల్లేవని కూడా చెప్పాడు. ఆయనకు ఎక్కడ ఆపాలో ఎన్నడూ తెలియదు. మాటల్లేని మనిషి దగ్గరికి మూడు మైళ్లు మోసుకొచ్చారెందుకని అధికారికి మళ్లీ అనుమానం.

"మాటలు లేకుంటేంది సార్," అన్నాడు మా మామ. "మన్నయితే ఎయ్యాలె గద."

దుబాసీ ఈసారి నవ్వలేదు. ఆ మాటను అధికారికి నెమ్మదిగా చెప్పాడు. అధికారి మంచం వంక, ఎండలో నిలబడ్డ మా వంక చూసి, గడి వెనకున్న బీడులో గుంత తవ్వుకోమన్నాడు. పారలు కూడా క్యాంపువే ఇచ్చాడు. మా మామ కట్లు విప్పారు. ఆయన ప్రార్థన చేసి, ఆ అయిదు చుట్టలనూ అడిగి తీసుకుని, అక్క చేతి పక్కన పెట్టి, మొదటి పిడికెడు మన్ను వేశాడు. చుట్టలు పెట్టిన సంగతి ఆ తర్వాత మా వాడలో ఎవరూ ఎత్తలేదు.

అధికారి నన్ను పిలిచాడు. రాయడమొచ్చిన మనిషి నేనొక్కదాన్నేనని ఎవరో చెప్పారు. ఈ సంఘం ఏమిటో ఒక్క వాక్యంలో, సాఫు తెలుగులో రాసివ్వమన్నాడు. కాగితం, కలం ఇచ్చారు. హాస్టల్లో నేర్పిన అక్షరాలతో రాశాను: ఇది మాలో చనిపోయినవారిని మోసుకొనిపోయి మన్ను చేయు సంఘము. దుబాసీ చదివి వినిపించాడు. అధికారి హాయిగా ఊపిరి వదిలి, ముద్ర కొట్టి, కాగితం మాకే ఇచ్చి, ఖననాల సొసైటీ అని ఎక్కడో రాసుకుని, మా మామను వదిలేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు సర్కారు నుంచి ఒక ఫారం వచ్చేది, ఈ ఏడాది ఎంతమందిని పూడ్చారని. మా మామ నాచేత రాయించేవాడు: ఇద్దరే, దేవుని దయ.

కానీ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నప్పుడు ఆయన నన్ను ఒక మాట అడిగాడు.

"బిడ్డా, అండ్ల దేవుని పేరు రాసినవా?"

"లేదు మామా."

"ఎందుకు రాయలె?"

"యాదికి రాలె," అన్నాను.

తన్నులు తిన్నప్పుడు కూడా ఆయన ముఖం అంతగా వాడిపోలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఆ కాగితం తీసి, జర ఒక్క మాట కలుపరాదా అని అడిగేవాడు. ఆయనకు చదవడమే వచ్చు, రాయడం రాదు. సర్కారు ముద్ర ఉన్న కాగితం మీద ఏదైనా కలిపితే మళ్లీ జైలే మామా అని నేను భయపెట్టేదాన్ని. పదకొండు క్రిస్మస్‌లు అట్లాగే గడిచిపోయాయి.

ఆయన పోయినప్పుడు ముందు భుజం పట్టింది, కల్లంలో మీటింగు పెట్టిన ఆ సంఘం మనిషి. జైలు నుంచి వచ్చి రేగొండలో ఉంటున్నాడు, జుట్టు నెరిసింది. మా వాళ్లెవరో మీరెందుకు అన్నా అంటే, పేరు ఒక్కటే గద అన్నాడు.

మంచం ఎత్తే ముందు నేను ఆ కాగితం తీశాను. యాదికి రాలేదన్నది అబద్ధం. వచ్చింది. ఆ రోజు క్యాంపులో కలం పట్టుకున్నప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ పేరే. రాస్తే మళ్లీ ఎక్కడున్నాడని అడుగుతారని భయపడ్డాను. ముసలవ్వ మంచం మోసినవాళ్లు సాక్షులుగా, చెమటలు కక్కుతూ ఎదురుగా నిలబడి ఉన్నారు. దేవుడికి నా దగ్గర ఒక్క సాక్షి లేడు. ఆ సంగతి మా మామకు చెప్పలేక, మరిచిపోయాననే చెప్పాను.

'సంఘము'కు ముందు కొంచెం చోటుంది. అక్కడ ఇరికించి 'దేవుని' అని రాశాను. కాగితం మడిచి ఆయన అంగీ జేబులో పెట్టాను. మట్టి చేసే చోట, మొదటి మన్ను వేయాల్సిన మనిషే గుంతలో ఉన్నాడు గనుక, ఎవరు వేయాలో తెలియక అందరూ ఆగిపోయారు. వంగి నేనే వేశాను.